వెలిగారం పని

కోనప్ప మూతి ముడుచుకుని కూర్చున్నాడు. మఠంలో ఆవేళ గురుపూజ. వంటసాలలో పప్పుకు తిరగమోత పెడుతున్నారు. ఆ వాసనకు ఎవరి కోపమైనా సగం తగ్గాలి. కోనప్పకు తగ్గలేదు.

కారణం లేకపోలేదు. మగ్గాల కొట్టం గోడ దగ్గర తగవుపడి ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు గంగులప్ప, చౌడప్ప ఇవాళ ఒకే చాప మీద కూర్చుని నవ్వుకుంటున్నారు. వాళ్ళను కలిపింది కోనప్పే. ఎండాకాలమంతా ఆ ఇంటికీ ఈ ఇంటికీ కాళ్ళరిగేలా తిరిగాడు పాపం. అన్న నోట మెత్తని మాట ఒక్కటి జారితే చాలు, పరుగున పోయి తమ్ముడి చెవిన వేసేవాడు. తమ్ముడిది తెచ్చి అన్నకు చెప్పేవాడు.

ఇప్పుడేమో "మా తమ్ముడే మెట్టు దిగాడు" అని అన్న, "మా అన్నే ముందు పలకరించాడు" అని తమ్ముడు. ఆ మాట అంటూ ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. కోనప్ప ఊసెత్తినవాడు లేడు.

"స్వామీ, ఇవాళ పంక్తిలో అందరి ముందూ చెప్పేస్తాను" అన్నాడు గురువు కాళాచారితో. "వీళ్ళలో ఒక్కడూ తనంతట తాను దిగిరాలేదు. నేను తిరిగితేనే..."

"చెబుదువుగానిలే. హారతి గరిటె కాడ ఊడింది. ముందు కుంపటి రాజెయ్యి."

కాళాచారి మఠానికి రాకముందు కంసాలి. ఆ పనిముట్లు ఇంకా ఆయన గదిలోనే ఉన్నాయి. కోనప్ప బొగ్గులు రాజేశాడు. కాడను గరిటెకు ఆనించి, మధ్యన టంకం ముక్క పెట్టి, గొట్టంతో ఊదాడు. టంకం కరిగి ఉండకట్టింది. జారి బొగ్గుల్లో పడింది.

"అతకలేదు స్వామీ."

"ఎట్లా అతుకుతుంది? వేడికి వెండి నల్లబడిపోయె. వెలిగారం పెట్టావా?"

కోపంలో మరిచిపోయాడు. నలుపంతా గీకి, వెలిగారం నీళ్ళతో నూరి, అతుకు చుట్టూ పూసి, మళ్ళీ ఊదాడు. వెలిగారం పేలాల్లా తెల్లగా పొంగింది. ఆపైన నీళ్ళలా కరిగి అతుకంతా కప్పింది. దాని చాటున టంకం చక్కగా పారి రెండు ముక్కలనూ పట్టేసింది.

చల్లారగానే కోనప్ప కాడ లాగి చూశాడు. ఊడలేదు. "అతికింది గదా, హారతికి తీసుకుపోతా" అని లేచాడు.

"ఒకసారి వేలితో తడుము."

తడిమాడు. బొటనవేలు చురుక్కుమంది. నెత్తురు చుక్క కనబడింది. "ఇదేంది స్వామీ?"

"వెలిగారమే. చల్లారితే గాజుపెంకు అవుతుంది." గురువు చింతపండు నీళ్ళ గిన్నెను కుంపటి మీదికి జరిపాడు. "దాని పని అయిపోయిందిరా. ఇంకా ఉంటే గుచ్చుకుంటుంది."

కోనప్ప గరిటెను ఆ నీళ్ళలో మరిగించి, తీసి రుద్ది, మళ్ళీ మరిగించాడు. పెంకు పొడి కూడా మిగల్లేదు. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ గరిటెతోనే గంగులప్ప హారతి ఇచ్చాడు.

పంక్తిలో కోనప్ప చారు బకెట్టు పట్టుకుని వస్తుంటే చౌడప్ప చెయ్యి పట్టుకున్నాడు. "కోనప్పా, నువ్వన్నా చెప్పు. ముందు పలకరించింది మా అన్నే గదా?"

"కాదు, వీడే" అన్నాడు పక్కనుంచి గంగులప్ప.

చుట్టూ అందరూ వింటున్నారు. పంక్తి చివర కాళాచారి తలెత్తకుండా పప్పన్నం కలుపుకుంటున్నాడు. చింతపండు పులుపుకు కోనప్ప బొటనవేలు ఇంకా మండుతోంది.

"మీ ఇంటి సంగతి నాకేం తెలుసన్నా" అన్నాడు కోనప్ప నవ్వి. "చెయ్యి వదులు, చారు పోస్తా."