వంద గొంతుల పాట

సముద్రం నడుమ ఒక దీవి ఉండేది. దానికింకా పేరు లేదు. నాలుగు పడవల మీద నాలుగు దిక్కుల మనుషులు వచ్చి అక్కడ పడ్డారు. కొండవాళ్ళొచ్చారు, ఏటివాళ్ళొచ్చారు, ఇసుకనేలవాళ్ళొచ్చారు. లోయ నుంచి మాత్రం ఇద్దరే వచ్చారు, ఒక నడివయసు మొగుడూ పెళ్ళామూ. వచ్చిన ఏడాదే మొగుడు జ్వరంతో కన్నుమూశాడు. ఆమె ఒక్కతే మిగిలింది.

లోయవాళ్ళకొక ఆచారం ఉంది. మనిషి పోతే ఒక పాట పాడి సాగనంపుతారు. “వెళ్ళు, వెనక్కి చూడకు, మా సంగతి మేం చూసుకుంటాం” అని ఆ పాట. వందమంది పాడాలి, ఏడవకుండా పాడాలి. లేకపోతే పోయినవాడు గడప దాటలేక అక్కడే తచ్చాడుతూ ఉంటాడట. దీవిలో ఆ భాష వచ్చిన గొంతు ఒక్కటే. ఏం చేస్తుంది పాపం? వంద సాయంత్రాలు ఒడ్డున కూచుని ఒక్కతే పాడింది. దిగులు మరిచిపోడానికి ఏదో కూనిరాగం తీస్తోందిలే అనుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు. నూరో రోజున “హమ్మయ్య, ఇక వెళ్ళు” అని మొగుడికి చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని ఇంటికొచ్చింది.

ఆయన సంగతి సరే. మరి రేపు తను పోతే పాడేదెవరు? ఈ బెంగ ఆమెను పట్టుకుని వదల్లేదు. ఎవర్నీ నోరు తెరిచి అడగలేదు. ఎవరి చావులు వాళ్ళకున్నాయి, పరాయి పాట నేర్చుకోమని ఏ మొహం పెట్టుకుని అడగను, అని ఊరుకుంది.

ఏళ్ళు గడిచాయి. ఆమె అవ్వ అయింది. దీవిలో మాటలన్నీ కలిసిపోయి ఒక కలగాపులగపు భాష తయారైంది. కొండవాళ్ళ పిల్లలు ఏటివాళ్ళింటికి కోడళ్ళుగా వెళ్ళారు. వలలల్లే ఒక అమ్మాయి కూడా అలా వెళ్ళినదే.

ఒక మధ్యాహ్నం అవ్వ ఆ అమ్మాయి గుమ్మం ముందు నుంచి పోతూ ఠక్కున ఆగిపోయింది. లోపల ఆ పిల్ల ఉయ్యాల ఊపుతూ పాడుతోంది. లోయవాళ్ళ చావు పాట, పసిబిడ్డ మీద!

“ఆపవే తల్లీ, ఆపు,” అంటూ లోపలికొచ్చింది. “ఇది నీకెవరు నేర్పారు?”

“ఒకరు నేర్పేదేముంది అవ్వా? నువ్వు ఒడ్డున పాడినన్నాళ్ళూ మా అమ్మ ఒళ్ళో పడుకుని విన్నాను. వింటూ వింటూ నిద్రపోయేదాన్నట, అందుకని అమ్మ ఇంట్లోనూ అదే పాడేది. నేనే కాదు, ఈ దీవిలో ఉయ్యాలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే పాట.”

“మీకు మీ జోలపాటలు లేవా?”

“ఎందుకు లేవు? గొడవంతా వాటితోనే. మా అమ్మ కొండ జోల ఎత్తుకుంటే మా అత్త మూతి ముడుచుకునేది. అత్త ఏటి జోల ఎత్తుకుంటే అమ్మ లేచి వెళ్ళిపోయేది. ఇంటింటా ఇదే రామాయణం. నీ పాట అటూ కాదు, ఇటూ కాదు కదా. దానికి మాత్రం ఎవరూ మొహం మాడ్చుకోలేదు.”

అవ్వ అక్కడే చతికిలబడింది. ఇన్నేళ్ళూ లేవని తను దిగులుపడిన గొంతులు దీవినిండా ఉన్నాయి. వందేమిటి, అంతకు పైనే ఉంటాయి. ఇది చావు పాట అని ఒక్క మాట చెబితే చాలు, తను పోయిన రోజు అందరూ వచ్చి పాడతారు. మంచివాళ్ళు, కాదనరు. కానీ అది విన్నాక ఏ తల్లి మాత్రం బిడ్డ మీద ఆ పాట పాడుతుంది? ఉయ్యాల దగ్గర మళ్ళీ కొండ జోల, ఏటి జోల గొడవలు మొదలవుతాయి.

పాట ఆగిందని ఉయ్యాలలో పిల్ల కదిలింది, ఏడుపు మొహం పెట్టింది.

“ఇంతకీ అందులో ఏముందవ్వా? మాకు ఒక్క ముక్క అర్థం కాదు,” అని అడిగింది అమ్మాయి.

అవ్వకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పాట దగ్గర ఏడవకూడదు గనక దిగమింగుకుంది.

“‘వచ్చావా, ఇక్కడే ఉండిపో, నిన్ను మేం చూసుకుంటాం’ అని,” అంది.

“మేమూ అదే అనుకున్నాం,” అని ఆ అమ్మాయి ఉయ్యాల తాడు అందుకుంది.