మిషను ఒప్పుకోని పెళ్ళికొడుకు

బొండాలలంకలో తెలివైన వాళ్ళెవరని ఎవర్నడిగినా పేర్రాజు ఇంటివైపే చెయ్యి చూపించేవాళ్ళు. చూపించి, అటు తిరిగి నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వుని పేర్రాజు ఇంట్లో ఎవరూ ఎన్నడూ తప్పుగా తీసుకోలేదు. తెలివైనవాళ్ళని తల్చుకుంటే ఎవరికైనా సంతోషమేగా మరి!

వాళ్ళ తెలివి అలాంటిలాంటిది కాదు. ఓసారి ఇంటిల్లిపాదీ అమలాపురం బస్సెక్కారు. లోపల "దిగేవారికి దారి ఇవ్వండి" అని రాసుంది. ఇంకేముంది, అమలాపురంలో దిగినవాళ్ళందరికీ ఒద్దికగా దారిచ్చారు. బస్సు ఖాళీ అయింది. డిపోలోకి పోయింది. డ్రైవరు దిగుతుంటే ఆయనకీ దారిచ్చారు. మళ్ళీ అదే బస్సులో అలాగే ఇంటికొచ్చేశారు. "బస్సు మొత్తానికి మర్యాద తెలిసినవాళ్ళం మనమేనే" అని పేర్రాజు బావ గన్నెయ్య చాలాకాలం మురిసిపోయాడు.

ఆ ఇంట్లో ఉండేది నలుగురే. పేర్రాజు, వాళ్ళక్క మాణిక్యం, ఇల్లరికం వచ్చిన బావ గన్నెయ్య, మేనత్త బుల్లెమ్మ. బుల్లెమ్మత్తకి ఎనభై దాటాయి. నోట్లో పళ్ళు లేవు గానీ మాటలకేం కొదవలేదు.

తెలివి దండిగా ఉన్నా పేర్రాజుకి పెళ్ళి మాత్రం కాలేదు. నలభై దగ్గర పడుతున్నాయి. ఎవరింటికి పెళ్ళిచూపులకెళ్ళినా ఏదో ఒకటయ్యేది. చివరికి ఫోన్లో పెళ్ళిసంబంధాల యాప్ ఒకటుందని తెలిసి, ఫొటో పెట్టి కూర్చున్నాడు. ఓ పొద్దున్నే ఫోను టింగుమంది. నాగరత్నం అనే పిల్ల సందేశం పంపిందట!

పేర్రాజు ఇల్లంతా పరిగెత్తాడు. "అక్కా, బావా, అత్తా, రండి! నాకూ ఒకత్తి మాట పంపింది!" అని కేకలేశాడు. సందేశం మీద వేలు పెట్టి నొక్కాడు. తెరుచుకోలేదు. దాని బదులు ఇంకేదో వచ్చింది.

గన్నెయ్య గొంతు సవరించుకుని చదివాడు. "పద్దెనిమిదేళ్ళు నిండినవారికే ఈ సేవ. మీ క్రెడిట్ కార్డుతో వయసు నిరూపించుకోండి. సందేశం రేపు సాయంత్రం వరకే ఉంటుంది."

పేర్రాజు ముఖం మాడిపోయింది. "మనకా కార్డు లేదు కదా బావా. ఇంక నా బతుకింతేనా?"

"కంగారు పడతావేంట్రా బామ్మర్దీ! కింద ఇంకా ఉంది. కార్డు లేనివాళ్ళకి వేరే దారులున్నాయంట. ఫోన్ నంబరంట, గుర్తింపు కార్డంట, ముఖమంట, పెద్దవాళ్ళ హామీ అంట. ఇన్ని దారులుంటే మనలాంటి వాళ్ళకి కష్టమా?"

ముందు ఫోన్ నంబరు నొక్కారు. టింగుమని ఓటీపీ వచ్చింది. దాని కింద, "దీన్ని ఎవరికీ చెప్పకండి" అని ఉంది. పేర్రాజు చప్పున ఫోను గుండెలకి అదుముకున్నాడు. కాసేపటికి తెర మీద గడులొచ్చాయి. "మీ ఓటీపీ ఇక్కడ చెప్పండి" అంది ఫోనులో మిషను.

"చూశావా బావా, ఎంత గడుసుదో! ఎవరికీ చెప్పొద్దని అదే అంటుంది, మళ్ళీ అదే అడుగుతుంది."

"పరీక్షరా! నీ నోట్లో మాట దాగుతుందో లేదో చూస్తోంది. చచ్చినా చెప్పకు."

అంతే, పేర్రాజు బిగుసుకుని కూర్చున్నాడు. మిషను మళ్ళీ అడిగింది. ఇతను నోరు విప్పలేదు. "సమయం ముగిసింది" అని రాగానే గన్నెయ్య తొడ చరిచాడు. "ఓడిపోయింది! మన దగ్గర్నుంచి మాట రాబట్టలేకపోయింది!"

అందరూ సంబరపడ్డారు. సందేశం మాత్రం తెరుచుకోలేదు.

తర్వాత గుర్తింపు కార్డు. "కార్డు మీద మెరుపు ఉండకూడదు" అంది మిషను. ప్లాస్టిక్ అంటించిన కార్డాయె, అద్దంలా మెరుస్తోంది. మాణిక్యం దాన్ని నూతి దగ్గరికి తీసుకుపోయి, కొబ్బరిపీచూ బూడిదా వేసి గిన్నె తోమినట్టు తోమింది. మెరుపు పోయింది. మెరుపుతోపాటు పేరు పోయింది, ఫొటో పోయింది, పుట్టిన తేదీ పోయింది.

"ఏమైతేనేం, మెరుపు లేదుగా" అంది మాణిక్యం చెమట తుడుచుకుంటూ.

"నాలుగు మూలలూ విడివిడిగా, స్పష్టంగా కనిపించాలి" అంది మిషను ఈసారి. గన్నెయ్య పోకచెక్కల కత్తెర తెచ్చి కార్డు నాలుగు మూలలూ కత్తిరించాడు. పీట మీద వరసగా పేర్చాడు. ఇంతకన్నా విడివిడిగా ఏ ఇంట్లోనైనా చూపించగలరా? మిషను, "ఇది కార్డు కాదు" అంది.

"కార్డు అడగలేదుగా, మూలలే అడిగావుగా!" అని ఫోను మీద గయ్యిమన్నాడు గన్నెయ్య.

పేర్రాజుకి దుఃఖం ముంచుకొచ్చింది. అక్కడ పాపం నాగరత్నం, ఏ గుమ్మంలో నిలబడి జవాబు కోసం చూస్తోందో! ఇక్కడ తన కార్డు మూలకో ముక్కయి పడుంది. "ముఖం చూపిద్దాం బావా. ముఖానికి తోమేదీ కోసేదీ ఉండదు" అన్నాడు.

ఆ మాటే అనకుండా ఉండాల్సింది.

"మీ ముఖాన్ని వలయంలో ఉంచండి. ముఖానికి ఏదీ అడ్డం లేకుండా చూసుకోండి. మిషను మీ వయసు అంచనా వేస్తుంది" అని వచ్చింది. వలయమంటే ఎంత పని? గన్నెయ్య సైకిలు టైరు ఊడదీసుకొచ్చి పేర్రాజు మెళ్ళో వేశాడు. ఇక అడ్డం సంగతి. బుల్లెమ్మత్త కళ్ళు చికిలించి చూసింది.

"అడ్డం లేకపోవడమేంట్రా! మూతికి మీసం అడ్డం. బుగ్గలకి గెడ్డం అడ్డం. కళ్ళ పైన ఆ కనుబొమ్మలొకటి! ఎప్పుడన్నా నీ ముఖం మాకు సరిగ్గా కనబడిందా?"

ఇంకేముంది, పేర్రాజుని టైరుతో సహా సెలూను భద్రం దగ్గరికి లాక్కెళ్ళారు. "కనుబొమ్మలు కూడానా?" అని భద్రం కత్తి పైకెత్తి ఆగాడు. "అడ్డమున్నదేదైనా తియ్యి" అన్నాడు గన్నెయ్య. భద్రం తీసేశాడు. తల కూడా నున్నగా గీసేశాడు. పేర్రాజు అద్దంలో చూసుకుంటే ఒలిచిన కోడిగుడ్డులా ఉన్నాడు.

ఇంటికొచ్చి ఫోను ముందు కూర్చున్నాడు. మిషను గిర్రుగిర్రున తిరిగి, చివరికి తేల్చింది: "మీ వయసు సుమారు పదహారు. మీకు ప్రవేశం లేదు."

గన్నెయ్య ఆ మాట రెండోసారి చదివాడు.

"పదహారా?" అంది మాణిక్యం. "అయ్యో నా తండ్రీ! పొద్దున ముప్పై ఎనిమిదేళ్ళవాడు, మధ్యాహ్నానికి పసివాడైపోయాడే!" అని తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. అంతలోనే గబగబా లేచి గ్లాసుడు పాలు తెచ్చి తాగించింది. గన్నెయ్య మోటారుసైకిలు తాళం లాగేసుకున్నాడు. "లైసెన్సు లేని వయసు నీది. పోలీసులు పట్టుకుంటే నన్నంటారు."

"బావా, మిషను పొరపాటు పడిందేమో."

"మిషను పొరపాటు పడటమేంట్రా! అది కంపెనీది."

పేర్రాజు పాలగ్లాసు పట్టుకుని బిక్కమొహం వేశాడు. నిజమే కాబోలు. గొంతు కూడా పొద్దుటికన్నా పీలగా ఉన్నట్టనిపించింది. పెళ్ళి లేదన్న దిగులొక్కటే ఉండేది ఇన్నాళ్ళూ. ఇప్పుడు వయసు కూడా పోయింది. ఏం చూసి చేసుకుంటుంది నాగరత్నం?

గన్నెయ్య ముక్కు మీద వేలేసుకుని ఆలోచించి, ఎగిరి గంతేశాడు. "తెలిసిందిరా! సెలూనుకి వెళ్ళకముందు ముప్పై ఎనిమిది. వచ్చాక పదహారు. అంటే మిగతా వయసంతా ఎక్కడున్నట్టు?"

"భద్రం చెత్తబుట్టలో!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

అంతే, పరిగెత్తారు. భద్రం బుట్టెడు వెంట్రుకలూ నవ్వుతూ ఇచ్చేశాడు. అందులో పొద్దుట్నుంచి కూర్చున్న వాళ్ళందరివీ ఉన్నాయి, నల్లవీ, తెల్లవీ, గోరింటాకు పెట్టిన ఎర్రవీ. ఏవి పేర్రాజువో ఎవరికి తెలుసు? "ఎక్కువైతే పోయేదేముంది, నాలుగేళ్ళు మిగుల్తాయి" అని మాణిక్యం మైదాపిండి జిగురు కాచి, తమ్ముడి ముఖమంతా మెత్తింది. గన్నెయ్య గుప్పిళ్ళతో అంటించాడు. ముక్కు మీద కూడా కాస్త అంటించాడు.

పేర్రాజు మళ్ళీ టైరులో తల పెట్టాడు. మిషను వెతికింది, వెతికింది. "ముఖం కనబడటం లేదు" అంది.

"ఓరి నాయనోయ్! వయసు కోసం చూస్తే ముఖమే పోయిందిరా!" అని బుల్లెమ్మత్త గుండెలు బాదుకుంది.

"నేనిక్కడే ఉన్నానత్తా!"

"గొంతుంది, మనిషి లేడు" అని ఇంకా గట్టిగా ఏడ్చింది ముసల్ది.

ఆ రాత్రి పేర్రాజు అన్నం ముట్టలేదు. తిందామన్నా నోరెక్కడుందో దొరకలేదు. తెల్లారాక మాణిక్యం వేణ్ణీళ్ళు కాచి ముఖమంతా కడిగితే మళ్ళీ కోడిగుడ్డు బయటపడింది. పోన్లే, ముఖమన్నా దక్కిందనుకున్నారు.

మిగిలిన దారి ఒక్కటే. పెద్దవారెవరైనా ముఖం చూపించి హామీ ఇవ్వాలి. బుల్లెమ్మత్త తన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, ఫోను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మిషను ఇలా చూసిందో లేదో, "ధన్యవాదాలు. మీ వయసు నిర్ధారణ అయింది" అంది.

"ఎనభై ఏళ్ళకి నన్నో మిషను గుర్తించిందర్రా!" అని అత్త బోసినోటితో నవ్వింది. పేర్రాజు ఆనందం పట్టలేక ఫోను అందుకోబోయాడు. గన్నెయ్య చేయి పట్టుకుని ఆపాడు.

"ఆగు! ఏం రాసుందో చూడు. వయసు నిరూపించుకున్నవారు మాత్రమే ఈ సందేశం చూడవచ్చు. నువ్వు నిరూపించుకున్నావా? నేను నిరూపించుకున్నానా? కళ్ళు మూసుకోండి!"

ముగ్గురూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. అత్త ఒక్కతే సందేశం తెరిచింది.

"ఏం రాసిందత్తా?" అన్నాడు పేర్రాజు ఆత్రంగా.

"నాకు చదువెక్కడిదిరా? బారుగా చీమల్లా ఉన్నాయి. కింద పచ్చగా ఒకటుంది, ఎర్రగా ఒకటుంది."

"పచ్చదే నొక్కత్తా. పచ్చన శుభం" అంది మాణిక్యం కళ్ళు మూసుకునే.

అత్త నొక్కింది. ఏం నొక్కిందో ఎవరికీ తెలీదు. పేర్రాజు మాత్రం చేతులు జోడించి అలాగే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం దాటేసరికి ఇంటి ముందు ఆటో ఆగింది. నాగరత్నం, వాళ్ళ నాన్న వీరాస్వామి దిగారు. పిల్ల పొందిగ్గా, ముచ్చటగా ఉంది. "ఇవాళ చూడ్డానికి రమ్మంటారా అని అడిగాం. సరే అని జవాబొచ్చింది" అన్నాడు వీరాస్వామి.

వీధిలో గోళీలాడుకుంటున్న పేర్రాజు తలెత్తలేదు. పెళ్ళి మాటలు చిన్నపిల్లలు వినకూడదని బావ బయటికి పంపేశాడు మరి. కానీ ఆ పిల్ల పక్కనుంచి నడిచి వెళుతుంటే గోళీ గురి తప్పింది. పిలవాలనిపించింది. వయసు చాలక ఊరుకున్నాడు.

లోపల పట్టుచీరలో కుర్చీ మీద బుల్లెమ్మత్త. వీరాస్వామి మంచినీళ్ళు తాగి, "పెళ్ళికొడుకేడండీ?" అన్నాడు.

"నేనే బాబూ" అంది అత్త. "మా ఇంట్లో మిషను ఒప్పుకున్నది నన్నొక్కదాన్నే. అమ్మాయీ, నా కంటికి నచ్చావే!"

వీరాస్వామి గ్లాసు కింద పెట్టేశాడు. "పద అమ్మా, పోదాం" అని లేచాడు. వాళ్ళు గుమ్మం దాటకముందే వీధిలో ఆటోవాడు బండి స్టార్టు చేశాడు.

ఆ చప్పుడు వినగానే పేర్రాజు గోళీలు పారేసి లోపలికి పరిగెత్తాడు. "వెళ్ళకండి బాబాయిగారూ! అసలు పెళ్ళికొడుకుని నేనండి, ఆయ్! నిన్న పొద్దుటిదాకా ముప్పై ఎనిమిదేళ్ళుండేవండి. గడ్డం గీయించుకుంటే పోయాయండి. నా తప్పేం లేదండి. ఇప్పుడు మిషను పదహారంటోందండి." ఇంక ఆపుకోలేక భోరుమన్నాడు.

నాగరత్నం దగ్గరికొచ్చి ఆ నున్నటి ముఖాన్ని పరీక్షగా చూసింది. "నిజంగా మిషనే చెప్పిందా?"

"ఆయ్. రెండుసార్లు చూపించానండి. రెండోసారి నేను లేనేలేనందండి."

పిల్ల వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగింది.

"నాన్నా, ఇంకెన్నాళ్ళు? రెండేళ్ళేగా! వెతికి వెతికి విసిగాం. ఈయనకి పద్దెనిమిది నిండేదాకా ఆగుదాం."

వీరాస్వామి మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు చెబితే తిరుగుంటుందా తల్లీ! మా ఇంట్లో తెలివంతా దీనిదేనండి."

గన్నెయ్య కళ్ళు చెమర్చాయి. "అదృష్టమంటే నీదేరా బామ్మర్దీ! మనింటికి తగ్గ పిల్ల దొరికింది."

పేర్రాజు కళ్ళు తుడుచుకుని నవ్వాడు. అంత సంతోషం ముప్పై ఎనిమిదేళ్ళున్నప్పుడు కూడా ఎరగడు. నాగరత్నానికి వాళ్ళ ఊళ్ళో కుట్టు మిషను కొట్టుందట. సంచిలోంచి టేపు తీసి, సిగ్గుపడుతూనే అతన్ని గోడకి ఆనించి నిలబెట్టింది. పెళ్ళిబట్టలకి కొలతలు తీస్తూ, "కాళ్ళ దగ్గర ఓ జానెడు గుడ్డ లోపలికి మడిచి కుడతానండి" అంది.

"ఎందుకండీ?" అన్నాడు పేర్రాజు.

"ఎదిగే వయసు కదండీ. పెళ్ళినాటికి పొట్టయిపోవూ?"

"రెండు జానలు మడవమ్మా" అంది మాణిక్యం. "రోజూ పాలు పడుతున్నాను."