గవరమ్మ రాణి తుమ్ము

ఇటు రండి ఇద్దరూ. దుప్పటి లాక్కోకండి, సరిపోతుంది. లాస్యా, ఆ ఫోను తీసుకెళ్ళి మీ అమ్మకిచ్చిరా. పొద్దున్నే రైలెక్కి ఆ భిలాయి పోతారు కదా, పోయేముందు అమ్మమ్మ గొంతు కూడా కాస్త అరగదీసి పోవాలి మరి. చిన్నోడా, నువ్వా చివర పడుకోకు, మంచం మీంచి పడితే మీ నాన్న నన్నంటాడు. ఊ కొట్టాలి, తెలిసిందా? ఊ కొట్టకపోతే గోడకి చెప్పుకున్నట్టుంటుంది. ఆ భాగ్యం మీ తాతతో నాకు రోజూ ఉన్నదే.

అనగా అనగా, మీ తాత పుట్టి నన్ను ఉద్ధరించక ముందెప్పుడో, కొండల నడుమ ఒక కోట ఉండేది. ఆ కోటకో రాజు. రాజంటే ఏం చేస్తాడు? మీసం దువ్వుకుంటాడు. పొద్దున కుడి మీసం, సాయంత్రం ఎడమ మీసం. మధ్యలో అలిసిపోయి పడుకుంటాడు. రాజ్యం నడిపేది మాత్రం వాళ్ళమ్మ, గవరమ్మ రాణి. ఆవిడ కూతుర్ని ఏరు దాటి, అడవి దాటి, ఆ అవతలి కొండలు కూడా దాటి ఇంకో రాజ్యంలో ఇచ్చారు. దగ్గర్లో రాజులకి కరువొచ్చినట్టు. అంత దూరం ఇచ్చాక ఇంకేముంది, కూతురూ, మనవరాలూ, మనవడూ ఏడాదికోసారి, మామిడిపళ్ళ రోజుల్లో వచ్చేవాళ్ళు. వచ్చినంతసేపు పట్టేది కాదు, పోయేవాళ్ళు.

వాళ్ళొస్తున్నారంటే గవరమ్మకి కాలు నిలిచేది కాదు. సభ చేసే హాలులో దూలానికి ఉయ్యాల కట్టించేది. మంత్రిగారు ఉయ్యాల ఊపాలి. సేనాపతిగారు గుర్రం కావాలి. యుద్ధాల్లో ఎన్నడూ అంత పరిగెత్తి ఎరగడుట పాపం. సింహాసనం మీద మామిడితాండ్ర ఆరబెట్టేది. మరి నేనెక్కడ కూచోవాలమ్మా అని రాజు అడిగితే, నువ్వు కూచుని ఏం ఉద్ధరించావు, తాండ్రయితే పిల్లలైనా తింటారు అందిట.

ఊ కొడుతున్నారా, లేక నా నోటికి నేనే ఊ కొట్టుకోవాలా?

సరే. ఒక ఏడు ఏమైందంటే, పిల్లలు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. బండి గుమ్మంలోకొచ్చింది, మూటలెక్కాయి, పిల్లలెక్కారు. గవరమ్మ గుమ్మంలో నిలబడి, హాఛ్ అని ఒక తుమ్ము తుమ్మింది. ఒంటి తుమ్ము. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము మంచిది కాదంటారు కదా. మనలాంటి వాళ్ళయితే కాసేపు కూచుని మంచినీళ్ళు తాగి బయలుదేరతాం. వాళ్ళు రాజులాయె, తుమ్ముకి కూడా హోదా ఉంటుంది. జోస్యుడు పంచాంగం తిరగేసి, ఇంకేముంది, ఈ రోజుకి ప్రయాణం లేదు అన్నాడు.

రాణి తుమ్మింది, బండి ఆగింది. బండి ఆగింది, ఎద్దుల్ని విప్పారు. ఎద్దుల్ని విప్పారు, మూటలు దించారు. మూటలు దించారు, పిల్లలు గెంతారు. పిల్లలు గెంతారు, రాణి నవ్వింది.

నవ్వి ఊరుకుంటే ఈ కథే లేదు. ఆవిడ ఆలోచించింది. రాణులు ఆలోచించకూడదు, దేశానికి మంచిది కాదు. మర్నాటికల్లా కోట కాపలావాడి దగ్గర ఇంత ముక్కుపొడుం పుచ్చుకుని రొంటిన దోపుకుంది. మొదటి తుమ్ము దేవుడిచ్చాడు, తక్కినవన్నీ పొడుం ఇచ్చింది. బండి గుమ్మంలోకి రావడం, ఈవిడ తలుపు చాటుకి పోవడం, హాఛ్. మళ్ళీ రాణి తుమ్మింది, బండి ఆగింది, ఎద్దుల్ని విప్పారు, మూటలు దించారు. ఎద్దులకి కూడా అలవాటైపోయి, బండి కట్టగానే రాణిగారి ముక్కు వంక చూసేవిట. మామిడిపళ్ళు అయిపోయాయి, వానలు పడ్డాయి, తాండ్రకి బూజు కూడా పట్టింది. పిల్లలు మాత్రం అక్కడే.

కూతురు చూసి చూసి, ఒకరోజు వాళ్ళమ్మ తలంటుకుంటుంటే చప్పుడు కాకుండా బండి కట్టించుకుని వెళ్ళిపోయింది. గవరమ్మ తడి జుట్టుతో కోట వాకిలి దాకా పరిగెత్తింది. అప్పటికి బండి లేదు, బండి వెనక దుమ్ము కూడా లేదు. వెళ్ళొస్తామని కూడా చెప్పించుకోలేదు పాపం ఆవిడ. తప్పు ఆవిడదే అనుకో. అయినా నాకైతే బాధేసింది.

మళ్ళీ ఏడు మామిడిపళ్ళొచ్చాయి. పిల్లలు రాలేదు. కబురు పంపితే ఏమని జవాబొచ్చిందో తెలుసా? బయలుదేరినప్పుడల్లా ఎవరిదో ఒంటి తుమ్ము వినిపిస్తోంది, శకునం బాగాలేదు, ఆగిపోతున్నాం అని. గవరమ్మకి తుమ్ము సంగతి ఒకరు చెప్పాలా? మంచం ఎక్కి అటు తిరిగి పడుకుంది. ఆ ఏడు కోటలో ఎవరూ మామిడిపండు ముట్టకూడదంది. రాజు ఒకటి దొంగచాటుగా తిని, మీసానికి రసం అంటించుకుని దొరికిపోయాడు.

రాజుకో పెళ్ళాం ఉంది, నీలవేణి. గవరమ్మకి కోడలు. కథల్లో కోడళ్ళంతా తెలివైనవాళ్ళే ఉంటారు, కథల్లో కాబట్టి ఫరవాలేదు. నవ్వకు లాస్యా, మీ అత్త వింటుంది. ఆ నీలవేణి అత్త ముఖం చూడలేక, నేనెళ్ళి తీసుకొస్తానని తనే బండి కట్టించుకుని ఆ ఊరెళ్ళింది.

అక్కడ పిల్లల్ని బండెక్కించిందో లేదో, లోపల్నుంచి హాఛ్ అని వినపడింది. నీలవేణి అక్కడికక్కడే తనూ హాఛ్ అని తుమ్మేసి, రెండు తుమ్ములయ్యాయి, జంట తుమ్ము శుభం, ఇక ఎవరూ ఆపకూడదు అంది. కాదనే నోరెవరికుంది? అప్పుడు తాపీగా దిగి, మొదటి తుమ్ము ఎవరిదా అని లోపలికెళ్ళి చూస్తే, తలుపు చాటున పిల్లల నాయనమ్మ సూరమ్మ రాణి. చేతిలో పొడుం డబ్బీ.

నీలవేణి పోట్లాడలేదు. పక్కన కూచుంది. సూరమ్మే చెప్పుకొచ్చింది. కిందటేడు మీ అత్త వానలొచ్చేదాకా పిల్లల్ని పంపలేదు, నేను రోజూ ఇద్దరికీ కంచాలు పెట్టుకోవడం, మళ్ళీ తీసేసుకోవడం. తీరా వచ్చాక మనవడు నా ఒళ్ళోకెక్కి నన్ను అమ్మమ్మా అని పిలిచాడు. నాకు మాత్రం వాళ్ళు మనవలు కారా అందిట.

నీలవేణి, మామిడిపళ్ళు అయిపోకుండానే మీ పిల్లల్ని మీ దగ్గరికి చేరుస్తానని మాటిచ్చింది. సూరమ్మ, సరే, మా బండివాడే తోలుతాడు, అక్కడ ప్రయాణం ఒక్కపూట ఆగిందని వాడొచ్చి చెప్పాడంటే, ఈ జన్మకి మళ్ళీ పంపేది లేదు అంది.

పిల్లలొచ్చారు. గవరమ్మ మంచం దిగింది, సేనాపతి మళ్ళీ గుర్రమయ్యాడు. కోడలు సంగతంతా చెప్పింది. గవరమ్మ ముందు, ఆవిడకెంత పొగరు, పొడుం పెట్టి తుమ్ముతుందా, ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అని బుగ్గలు నొక్కుకుంది. కోడలు ఆవిడ రొంటినున్న డబ్బీ వంక చూసింది. అప్పుడు గవరమ్మ తలొంచుకుని, సరేలే, తుమ్మను అంది.

వెళ్ళే రోజు రానే వచ్చింది. పిల్లలకి తలంటి సాంబ్రాణి పొగ వేశారు. బండి కట్టారు. గవరమ్మ మనవరాల్ని దగ్గరికి తీసుకుని, తల వాసన చూస్తూ చూస్తూ ముద్దు పెట్టుకుంది. ఆ పొగ వాసన ముక్కులోకి పోయింది. ముక్కు పట్టుకుంది, నోరు మూసుకుంది, కొంగు అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. హాఛ్.

ఒంటి తుమ్ము.

అందరూ బిగుసుకుపోయారు. రాజు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. జోస్యుడు పంచాంగం తీశాడు. బండివాడు ఎద్దుల్ని విప్పబోయాడు. పిల్లలైతే బండి దూకి వచ్చి ఆవిడ చీర పట్టుకుని గెంతుతున్నారు, ఉండిపోతాం, ఉండిపోతాం అని.

చూడండి, ఈసారి ఆవిడ తప్పేం లేదు. నిజం తుమ్ము. ఊరికే నిలబడితే చాలు, ఇంకో రోజు పిల్లలు ఆవిడ పక్కలో పడుకుంటారు. ఆ ఒక్కరోజు కోసం ఎంత ఆశ ఉంటుందో మీకు తెలీదు, మీకు మీ వయసు. కానీ ఆ ఒక్కరోజూ ఉంచుకుంటే, ఇక ఎప్పటికీ రారు. పైగా అవతల ఒకావిడ కంచాలు పెట్టుకుని కూచుంది.

గవరమ్మ రొంటిన వెతుక్కుని డబ్బీ తీసింది. చిటికెడు కాదు, గుప్పెడు పొడుం ముక్కులోకి ఎగపీల్చింది. కోట పావురాలన్నీ ఎగిరిపోయేలా తుమ్మింది. ఆపడానికి అన్నిసార్లు తుమ్మినావిడ, పంపడానికి ఒకసారి తుమ్మింది. జంట తుమ్ము, శుభం, తోలు బండి అంది. పిల్లలు ఎక్కారు, బండి కదిలింది. ఆవిడ కళ్ళు, ముక్కు ఏకధాటిగా కారుతున్నాయి. పొడుం ఘాటు అనుకున్నారందరూ. అనుకోనీ అని ఊరుకుంది.

మళ్ళీ ఏడు మామిడిపూత రాకముందే సూరమ్మ దగ్గర్నుంచి కబురు. ఈసారి పిల్లల్ని నేనే వెంటబెట్టుకొస్తాను, నాకూ ఒక మంచం వెయ్యండి అని. వచ్చింది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే డబ్బీలో పొడుం పీలుస్తూ రాజుని తిట్టుకుంటూ హాయిగా ఉన్నారు. పంపిస్తేనే మళ్ళీ వస్తారమ్మా, అంతే కథ. ఇందులో పెద్ద నీతేం లేదు. చెప్పడం తేలిక, గుమ్మంలో నిలబడితే తెలుస్తుంది.

ఏమిట్రా? రేపు నన్ను తుమ్మమంటావా? నేను తుమ్మినా, మీ తాత తుమ్మినా, ఊరంతా వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి తుమ్మినా, మీ రైలు ఆగదు నాన్నా. దానికి శకునాలు తెలీవు. మీ నాన్నకి సెలవూ లేదు. వెళ్ళండి. అక్కడ మీ నాయనమ్మ కూడా చూస్తూ ఉంటుంది, వెళ్ళగానే ఆవిణ్ణి నాయనమ్మా అనే పిలువు. సెలవులివ్వగానే రండి. రాకపోతే నేనేం ఏడవను. ఏడుస్తాలే. ఏడుస్తాను.

కథ కంచికి పోయింది. మీరు భిలాయి పోతారు. నేనెక్కడికీ పోను, మళ్ళీ మీరొచ్చేదాకా ఇక్కడే ఉంటా. ఇక కళ్ళు ముయ్యండి.