ఎద్దు వేసిన సున్నపు ముద్ర

ఈ వృత్తాంతం నా వద్దకు చేరిన దారిని ముందుగా మనవి చేయడం నా విధి. జరిగినదంతా కళ్లారా చూసినది ఒక కాకి. ఏటిగట్టు మీది షెడ్డులో, పైకప్పు రేకుల సందున దాని గూడు. కాకి చెప్పగా విన్నది ఒక కొంగ. అది గేదె వీపు మీద కూర్చుని తిరిగే కొంగ కనుక, తాను విన్నదాన్ని ఆ గేదెనే అడిగి సరిచూసుకుంది. ఆ తరవాతే నాకు చెప్పింది. కాకిది పెంచి చెప్పే స్వభావం, కొంగది తుంచి చెప్పే స్వభావం. రెండింటినీ కలిపితే నిజానికి చాలా దగ్గరగా వచ్చామని నా నమ్మకం. గేదె మాత్రం కొంగతో ఒక్క మాటే అన్నదట: "ఎవరికి చెప్పినా ఎద్దు సిగ్గుపడిన సంగతి వదలకుండా చెప్పు. చెప్పమన్నది ఆయనే."

అడవిని చీల్చి రోడ్డు వేసినవాళ్లు పని ముగించి వెళ్లిపోతూ ఒక జనరేటరు, ఒక వెల్డింగ్ మిషను, దిబ్బలుగా ఖాళీ డ్రమ్ములు వదిలివెళ్లారు. అడవికి పెద్ద అయిన ఏనుగమ్మ వాటిని చూసి ఒక ఆలోచన చేసింది. వేసవిలో మడుగులు ఎండిపోతాయి. డ్రమ్ములను నడిమికి కోసి, ఇనుప కాళ్లు అతికితే నీళ్ల తొట్లు అవుతాయి. అలా ఏటిగట్టున షెడ్డు వెలిసింది. వెల్డింగ్ చేసేది కొండప్ప అనే ఎలుగుబంటి. డ్రమ్ములు కడిగేది నీలమ్మ అనే గేదె. వాటిని దిబ్బ నుంచి దొర్లించుకుని వచ్చేది చెంగయ్య అనే నక్క. వీళ్లందరి మీదా పెద్దరికం సోమలింగం అనే ఎద్దుది.

షెడ్డులో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది ఎలుగుది. వెల్డింగ్ రాడ్డు ముట్టించేముందు కొండప్ప సుత్తితో ఇనుప దిమ్మ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. అది విని అందరూ పది అడుగులు వెనక్కి జరిగి, ముఖాలు తిప్పుకోవాలి. రెండవది ఎద్దుది. ఖాళీగా కనిపించే డ్రమ్ములో పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకని ప్రతి డ్రమ్మునూ మూడుసార్లు నీళ్లతో నింపి పారబోయాలి, బిరడా తీసి రోజంతా ఎండలో ఉంచాలి. చివరన సోమలింగం బిరడా కన్నానికి ముక్కు ఆనించి వాసన చూస్తాడు. ఏ వాసనా లేకపోతే సున్నపు తొట్టిలో గిట్ట ముంచి డ్రమ్ము మీద ముద్ర వేస్తాడు. ఆ ముద్ర లేనిదాన్ని కొండప్ప ముట్టడు.

"మామ ముద్ర పడిందా?" అని అడిగేవాడు కొండప్ప, ముసుగు దించుకునే ముందు.

"పడింది" అంటే చాలు. ఇంకేమీ అడిగేవాడు కాదు.

సోమలింగానికి ఒక రహస్యం ఉంది. ఏళ్ల తరబడి అదే షెడ్డులో ఉండి వెల్డింగ్ పొగ పీల్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఏనుగమ్మ చెబితే, "అవి లేగదూడలకమ్మా" అని నవ్వేవాడు. కిందటి ఏడు తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం షెడ్డులో అందరూ మోరలెత్తి, "అబ్బ, మట్టి వాసన" అన్నారు. సోమలింగం కూడా మోరెత్తాడు. చల్లగాలి తగిలింది. వాసన తగల్లేదు. అయినా, "అవును, మంచి వాసన" అన్నాడు. అది ఆయన ఆడిన మొదటి అబద్ధం.

ఆ తరవాత రెండవదాని కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. నీలమ్మ ఎప్పుడూ డ్రమ్ము పక్కనే ఉండేది. సోమలింగం బిరడాకు ముక్కు ఆనించి, ఓరకంట గేదె ముక్కుపుటాలను చూసేవాడు. అవి ముడుచుకుంటే, "ఇంకొకసారి కడుగు తల్లీ" అనేవాడు. ముడుచుకోకపోతే గిట్ట సున్నంలో ముంచేవాడు. ముక్కు గేదెది, పేరు ఎద్దుది. ఈ సంగతి గేదెకు కూడా తెలియదు.

నక్క కనిపెట్టింది. ఎద్దు ఓరచూపు ఎటు పోతోందో పది రోజులు గమనించింది. అనుమానం తీర్చుకోవడానికి ఒకనాడు కుళ్లిన చేపను తెచ్చి సోమలింగం కుడితి గోలెం కింద దాచింది. చుట్టుపక్కల ఎవరూ నిలబడలేకపోయారు. సోమలింగం మాత్రం కుడితి ఆఖరి చుక్క దాకా తాగి, తృప్తిగా తల ఎత్తాడు.

ఈ ఏడు ఎండలు ముదిరాయి. ఏరు పాయగా చిక్కిపోయింది. పౌర్ణమి నాటికి ఆరు తొట్లు సిద్ధం చేయిస్తానని చెంగయ్య ఏనుగమ్మకు మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకుంటే ఊటబావి పక్కన చల్లటి గుహ ఆయనది.

"ఆరు డ్రమ్ములకు మూడేసి సార్లు నీళ్లా?" అన్నాడు చెంగయ్య. "తాగడానికి లేని నీళ్లు నేల మీద పోస్తావా నీలమ్మా? చూసినవాళ్లు ఊస్తారు."

"ఊసినా తడే కదా, ఆ మాత్రం తడి కూడా లేదు ఏట్లో" అంది నీలమ్మ. "కడగమంటే కడుగుతాను, వద్దంటే మానతాను. పెద్దాయన ఒక మాట చెబితే చాలు."

"పెద్దాయనతో నేను మాట్లాడతాను. నువ్వు ఏటికి వెళ్లి ఒక బాన నీళ్లు పట్టుకురా, ఆయనకు దాహంగా ఉంది."

నీలమ్మ వెళ్లింది. ఆరు డ్రమ్ములూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కసారి తొలిపి వదిలేసినవి.

"అన్నగారూ, తమరు ఒకసారి వాసన చూడాలి" అన్నాడు చెంగయ్య, చేతులు కట్టుకుని.

సోమలింగం మొదటి బిరడాకు ముక్కు ఆనించాడు. నిదానంగా పీల్చాడు. ఏమీ లేదు. ఆయనకు ఎప్పుడూ ఏమీ ఉండదు. అలవాటుగా ఓరగా చూశాడు. గేదె ఉండవలసిన చోట ఎండ మాత్రమే ఉంది.

"నీలమ్మ ఏది?"

"నీళ్లకు వెళ్లింది. ఆవిడతో ఏం పని అన్నగారూ? వాసన చూసేది తమరు కదా."

సోమలింగం మళ్లీ పీల్చాడు. "నీకేమైనా తగులుతోందా చెంగయ్యా?"

"తమ ముక్కు ముందు నా ముక్కెంత? అయినా తమకు అనుమానంగా ఉంటే చెప్పండి. ముక్కు పని చేయడం లేదని ఏనుగమ్మతో చెప్పి వేరే ఎవరినైనా పిలిపిద్దాం. వయసు మీద పడ్డాక అదేమీ తప్పు కాదు."

ఆ చివరి మాట మెత్తగానే అన్నాడు. సోమలింగానికి చెవులు కాలినట్టు అనిపించింది. రేపు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే ఎందుకని అడుగుతారు. ఆయన సున్నంలో గిట్ట ముంచాడు. ఆరు డ్రమ్ముల మీదా ఆరు ముద్రలు, ఎప్పటిలాగే చక్కగా పడ్డాయి.

మర్నాడు ఉదయం కొండప్ప మొదటి డ్రమ్మును పడుకోబెట్టాడు. "మామ ముద్ర పడిందా?" అన్నాడు.

"కనబడటం లేదూ?" అన్నాడు చెంగయ్య, అప్పటికే పాతిక అడుగుల దూరంలో నిలబడి.

కొండప్ప దిమ్మ మీద మూడు దెబ్బలు కొట్టాడు. నీలమ్మ, సోమలింగం వెనక్కి జరిగి ముఖాలు తిప్పుకున్నారు. ఆ మూడు దెబ్బలే వాళ్లను కాపాడాయి. వెనక నేల అదిరింది. డ్రమ్ము అడుగు రేకు ఊడి కప్పును చీల్చుకుపోయింది. వాళ్లు తిరిగి చూసేసరికి షెడ్డు నిండా పొగ. ముసుగు రెండు చెక్కలై దూరంగా పడి ఉంది. దిమ్మ పక్కన కొండప్ప బోర్లా పడి ఉన్నాడు.

ఏనుగమ్మ కబురు అందుకుని బయలుదేరేలోగా చెంగయ్య సోమలింగం చెవి దగ్గరకు వచ్చాడు.

"అన్నగారూ, డ్రమ్ము తునకలైపోయింది. దాని మీద ముద్ర ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు. కొండప్ప తొందరపడి ముద్ర లేని డ్రమ్ము పట్టుకున్నాడని నేను చెబుతాను. తమరు కాదనకపోతే చాలు. తమ పేరూ నిలుస్తుంది, నా గుహా నిలుస్తుంది."

సోమలింగం అవుననలేదు. కాదని కూడా అనలేదు. ఆనాటి నుంచి ఇప్పటిదాకా ఆయన ముద్ర వేసిన క్షణాన్ని తలచుకుని ఎంత తల దించుకున్నాడో, ఈ మౌనాన్ని తలచుకుని అంతకు రెట్టింపు దించుకున్నాడట.

సాయంత్రం ఎలుగును చూడటానికి వెళ్లాడు. కొండప్ప కళ్లకు ఆకుల కట్టు ఉంది. కుడిచేయి తేనె పూసి చుట్టారు. సోమలింగం అడుగు చప్పుడు కాకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"మామా, నువ్వేనా?" అన్నాడు కొండప్ప. "సున్నం వాసన వస్తోంది."

సోమలింగం తన గిట్టను చూసుకున్నాడు. నిన్నటి సున్నం ఇంకా అంటుకునే ఉంది.

"ఎలా ఉంది నాయనా?"

"నొప్పి సంగతి సరే. ముద్ర లేని డ్రమ్ము తీసుకున్నావట కదా అని అడిగిపోతున్నారు. లేదు మామా, చూసే తీసుకున్నాను. మూడు దెబ్బలూ కొట్టాను. ముసుగూ వేసుకున్నాను. మరి నేను చేసిన తప్పేమిటో నాకే తెలియడం లేదు. నీకు తెలిస్తే చెప్పు, ఈసారి సరిదిద్దుకుంటాను."

సోమలింగం ఆ గిట్టను నేలకేసి రుద్దుకున్నాడు.

"ఒకటి చెబితే కోప్పడవు కదా?" అన్నాడు కొండప్ప. "బిరడా దగ్గర నాకు కొంచెం పెట్రోలు వాసన తగిలినట్టే అనిపించింది. కానీ నీ ముద్ర ఉంది. నువ్వు చూసినదాన్ని నేను మళ్లీ చూడటం మర్యాద కాదనుకున్నాను."

మర్నాడు షెడ్డు ముందు అందరూ చేరారు. ఏనుగమ్మ తునకలను తొండంతో ఒక్కొక్కటిగా ఎత్తి చూసి కింద పెట్టింది.

"అమ్మా, ఎలుగుకు తొందర ఎక్కువ" అన్నాడు చెంగయ్య. "ముద్ర లేనిదాన్ని పట్టుకున్నాడు. ముద్ర పడిన ఐదూ అవిగో. కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. నేను కూడా వాసన చూశాను."

"చూశావా?" అన్నాడు సోమలింగం. అప్పటిదాకా ఆయన గొంతు ఎవరూ వినలేదు.

"చూశాను అన్నగారూ. తమరితో పాటే."

"మంచిది. అయితే ఒక కొరివి తీసుకుని, ఆ ఐదింటిలో నీకు నచ్చినదాని బిరడా దగ్గర పెట్టు. నేను ఆ డ్రమ్మును ఆనుకునే నిలబడతాను."

ఆ మాట అని వెళ్లి డ్రమ్ముకు భుజం ఆనించి నిలబడ్డాడు. నీలమ్మ కొరివి తెచ్చి అల్లంత దూరాన నేల మీద పెట్టింది. చెంగయ్య దాన్ని చూశాడు, డ్రమ్మును చూశాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు, తరవాత రెండు.

"కడిగిన గిన్నె దగ్గర భయమెందుకు చెంగయ్యా?" అంది ఏనుగమ్మ.

"నిప్పుతో పని... నాకు అలవాటు లేదమ్మా."

"అలవాటు లేనిది నిప్పుతోనా, నిజంతోనా?" అంది నీలమ్మ. "నన్ను నీళ్లకు పంపినప్పుడే అనుకోవలసింది. పెద్దాయన ఆ బానకేసి కన్నెత్తి కూడా చూడలేదు."

చెంగయ్య తోక కాళ్ల మధ్యకు వచ్చింది. ఏనుగమ్మ ఎద్దు వైపు తిరిగింది.

"లోపల ఏముందో తెలిసి కూడా ఆనుకుని నిలబడ్డావా సోమలింగం?"

"తెలియదమ్మా" అన్నాడు సోమలింగం. తల నేలకు ఆనేంత వంచాడు. "కిందటి తొలకరి నుంచీ నాకు ఏ వాసనా తెలియదు. నీలమ్మ ముక్కు చూసి ముద్ర వేసేవాణ్ని. మొన్న ఆమె లేకపోయినా వేశాను. పేలిన డ్రమ్ము మీద ఉన్నది నా ముద్రే. కొండప్ప తప్పేమీ లేదు. నిన్న ఈ నక్క మాటకు నేను కాదనలేదు, అది కూడా రాసుకోండి."

ఎవరైనా తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది.

ఇక ఎవరి సంగతి ఏమైందో చెప్పి ముగిస్తాను. కొండప్పకు ఎడమ కన్ను పోయింది. కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకోవు. ఇప్పుడు వెల్డింగ్ ఆయన భార్య చేస్తోంది, దిమ్మ మీద మూడు దెబ్బలు మాత్రం ఆయనే కొడతాడు. సున్నపు తొట్టి నీలమ్మకు అప్పగించారు; తన ముక్కే ఇన్నాళ్లూ అడవిని కాచిందని తెలిసి ఆమె మూడు రోజులు ముక్కు ఎగరేసుకుని తిరిగి, నాలుగోనాడు పనిలో పడింది. ఊటబావి గుహ చెంగయ్యకు దక్కలేదు. వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ డ్రమ్ము పక్కన పీట వేసుకుని కూర్చోవాలని ఏనుగమ్మ ఆయనకు ఉత్తరువు వేసింది. ఆ మాట విన్నది మొదలు, మూడుసార్లు చాలన్న చోట చెంగయ్య ఐదుసార్లు కడిగిస్తున్నాడు. కడగడానికి నీళ్లు మోస్తున్నది సోమలింగం. ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాడు, అది ఇక దేనికీ పనికిరాదని తెలిసి కూడా.

ఈ ఏడు తొలకరి పడ్డప్పుడు షెడ్డులో అందరూ మోరలెత్తారు. సోమలింగం కొండప్ప పక్కన నిలబడి, "నాకు తెలియడం లేదు నాయనా, ఎలా ఉందో చెప్పు" అన్నాడు. కొండప్ప ఉన్న ఒక్క కన్నూ మూసుకుని, గాలి పీల్చి, తొందరపడకుండా చెప్పాడట.

తన లోపం ఒప్పుకోవడానికి పెద్దవాడు సిగ్గుపడితే, ఆ సిగ్గుకు కాలేది పక్కవాడి ఒళ్లు.