పద్నాలుగో రెక్క మీద నొక్కు

బొంతు వారింట్లో తెలివికి కొదవ లేదు. తాతల నాటి తెలివి, ఒక్క చుక్క కూడా వాడకుండా భద్రంగా దాచుకున్నారు. తల్లి సూరాయమ్మ, పెద్దకొడుకు పల్లాలు, చిన్నకొడుకు అబ్బులు. "మా పిల్లలకి ఒక్కసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తారు" అని సూరాయమ్మ వీధి వీధంతా చాటేది. అది నిజమే. ఆ నిజమే కొంప ముంచింది.

ఆ మాట ఓ చిన్న విమానాల కంపెనీ యజమాని చెవిన పడింది. ఆయనకున్నది ఒకే విమానం, దానికి రెండు ఇంజన్లు. ఎదురు ప్రశ్న వేయని సిబ్బంది కోసం పాపం ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. ఇంకేముంది, విమానం ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసే ఉద్యోగం అన్నదమ్ములిద్దరికీ దొరికింది.

కెప్టెన్ నీలవేణి ఓపిగ్గా నేర్పింది. "ఇంజన్ ముందు ఫ్యాన్ ఉందా, దాని ప్రతి రెక్కా టార్చి వేసి చూడాలి. అంచు చేత్తో తడమాలి. పిట్ట తగిలో, రాయి ఎగిరిపడో నొక్కు పడితే నాకు చెప్పాలి. ఇవాళ చిన్న నొక్కే, రేపు గాల్లో పగులుతుంది. రెండు ఇంజన్లూ అచ్చం ఒకేలా ఉండాలి. అర్థమైందా?"

"ఆయ్" అన్నారిద్దరూ. ఆవిడ నమ్మేసింది. బాగా చదువుకున్న మనిషి, ఏం చేస్తాం.

ఓ బుధవారం పొద్దున్న అదే విమానంలో సూరాయమ్మ చెన్నై వెళ్ళాలి. రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. ఆపరేషన్ చేసే డాక్టరు నెలకి ఒక్కరోజే వస్తాడు, ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నాడు. ఆవిడ అడుగున ఇనప పొన్ను వేసిన చేతికర్ర తాటించుకుంటూ వచ్చి, మొదటి సీట్లో కూర్చుని బెల్టు పెట్టించుకుంది.

కింద పల్లాలు టార్చి వేశాడు, అబ్బులు తడిమాడు. ఎడమ ఇంజన్లో పద్నాలుగో రెక్క అంచున చింతగింజంత నొక్కు! పక్కనే ఇరుక్కున్న కొంగ ఈక. నిజం చెప్పుకోవాలి, పెద్ద ఇంజనీర్లు కూడా అంత చక్కగా పట్టలేరు. అక్కడితో ఆగి ఉంటే నేనిలా చెప్పుకోవాల్సిన పనే ఉండేది కాదు.

అంతలో కో-పైలట్ వచ్చి, "ఏమైనా కనిపించిందా?" అని అడిగాడు.

"మీకు చెప్పమండి. 'నాకు చెప్పాలి' అన్నారండి కెప్టెన్ గారు" అన్నాడు పల్లాలు.

"అంటే ఏదో ఉందన్నమాట!"

"ఉందో లేదో కూడా చెప్పమండి."

ఆయన తల పట్టుకుని కెప్టెన్ని పిలవడానికి పరిగెత్తాడు. ఈలోగా అబ్బులు కుడి ఇంజన్ చూశాడు. నున్నగా ఉంది. వాడు కంగారుగా అన్న చొక్కా పట్టుకుని లాగాడు.

"అన్నయ్యా, దీనికి నొక్కు లేదు! రెండూ ఒకేలా ఉండాలన్నారు కదా!"

"ఆవిడొచ్చేలోగా సర్దేద్దాం రా!"

అంతే, సుత్తి తెచ్చారు. కుడి ఇంజన్లోనూ పద్నాలుగో రెక్కే, అదే అంచు, అదే లోతు. అబ్బులు ఎక్కణ్ణించో చింతగింజ తెచ్చి కొలిచాడు కూడా. పనితనానికి వంక పెట్టలేం.

నీలవేణి వచ్చింది. "ఏముంది?"

"ఎడమదానికి నొక్కుందండి."

"భేష్!"

"కుడిదానికీ ఉందండి."

"రెండిటికీనా?"

"ఇందాక లేదండి. ఇప్పుడుందండి" అన్నాడు అబ్బులు, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ.

ఆవిడ చూపు సుత్తి మీద పడింది. ఒక ఇంజన్ పోతే రెండోదాంతో దిగొచ్చు. రెండూ పోతే? ప్రయాణికులు అరవై మందినీ దింపేసింది. "ఇంకోసారి సుత్తి ముట్టుకున్నారో, మీ ఉద్యోగాలు ఊడిపోతాయి!" అని అరిచింది.

"ఆయ్."

సూరాయమ్మ మెట్ల పక్కన కుర్చీలో కూలబడింది. "తల్లీ, ఇయ్యాల నాకు చూపు రాదా?" అని అడిగితే నీలవేణి ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

"స్టోర్లో కొత్త రెక్కలు రెండే రెండున్నాయమ్మా. అవి బిగించేస్తే చాలు. మూడింటికల్లా నేను చేరుస్తాను" అని మాటిచ్చింది.

ఇంజనీరు ఎడమ ఇంజన్లో కొత్త రెక్క బిగించి, రెండోది తేవడానికి స్టోరుకి వెళ్ళాడు. నీలవేణి పక్కకెళ్ళి ఆస్పత్రి వాళ్ళని ఫోన్లో బతిమాలుకుంటోంది. ఇంకేముంది, అన్నదమ్ములు మళ్ళీ టార్చి వేశారు. ఎడమది తళతళలాడుతోంది. కుడిదానికి నొక్కు!

"చచ్చాం! మళ్ళీ ఒకేలా లేవు!" అన్నాడు పల్లాలు.

"సుత్తి తేనా?"

"ముట్టుకోవద్దన్నారు కదరా!"

"మరి అమ్మ ప్రయాణం?"

సూరాయమ్మ ఠక్కున లేచింది. "వద్దన్నది సుత్తినే కదరా? నా కర్రని ఎవరూ ఏమీ అనలేదు. నొక్కు ఎక్కడుండాలో నా చెయ్యి పెట్టి చూపించండి."

చూపించారు. ఆవిడ ఎడమ ఇంజన్లో కొత్త రెక్కని తడిమింది, కర్ర ఎత్తింది, ఒక్కటిచ్చింది. కళ్ళు కనపడకపోతేనేం, గురి తప్పలేదు.

ఖంగుమన్న చప్పుడుకి నీలవేణి పరిగెత్తుకొచ్చింది. వెనకే ఇంజనీరు. కావలసినవి మళ్ళీ రెండు రెక్కలు, అతని చేతిలో మిగిలింది ఒక్కటి. అన్నదమ్ములు ఖాళీ చేతులు ఎత్తి చూపించారు. "సుత్తి ముట్టుకోలేదండి. ఆయ్."

ఈలోగా సూరాయమ్మ కర్ర తాటించుకుంటూ మెట్లెక్కింది. మొదటి సీటు తడుముకుని కూర్చుంది. ఈసారి బెల్టు తనే పెట్టుకుని లోపలి నుంచి కేకేసింది:

"రెండూ ఒకేలా చేసేశాను తల్లీ! ఇంక పోనియ్యి, డాక్టరు గారు నాకోసం కాసుకుని ఉంటారు."