కదలని రెండు దారాలు

ముమ్మడిరాజుగారికి మాట మీద నిలబడటమంటే మహా మోజు. కిందటేడు తూము ఎత్తితే చెరువు నీళ్ళు పోయి పోయి రాణిగారి మల్లెతోటని ముంచాయి. అంతే, ఈ ఏడు నారు పోశాక నిండుకొలువులో మీసం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు.

"ఏ మడిలో ఎంత నీరు నిలుస్తుందో లెక్క తేలేదాకా తూము తెరిచేది లేదు!"

చెరువు కింద మల్లెతోటతో కలిపి అరవై నాలుగు మడులు. ఒక్కో మడిలో నీరు చుట్టుపక్కల మడుల నీటిని బట్టి ఉంటుంది. ఆస్థాన గణకులు విరూపాక్ష సోమయాజిగారు వాళ్ళ తాతగారి పద్ధతి పట్టుకున్నారు. ఒక మడిని తేల్చి, దాన్ని మిగతా అరవై మూడింటిలో దూర్చి, అన్నీ మళ్ళీ రాయడం. నెల తిరిగేసరికి తాటాకులు బండెడయ్యాయి. నలభై ఒకటో మడి దగ్గర తప్పు దొర్లింది. మళ్ళీ మొదటికి!

నాగసాని ప్రాణం ఉసూరుమంది. రాజుగారికి తమలపాకులు చుట్టి ఇచ్చే పిల్ల ఆమె. తండ్రి ఆ చెరువుకి నీరుగంటి, మడి మడికీ నీళ్ళు పంచే మనిషి. నిన్ననే కబురంపాడు. "నారు వాడి పసుపు తిరిగిపోయింది తల్లీ. ఇంకో మూడు రోజులు ఆగితే గొప్ప." కళ్ళు మూసుకుంటే చాలు, ఆ లేత నారంతా తలలు వాల్చి నిండు చెరువు వైపే చూస్తున్నట్టుండేది ఆమెకి.

ఆకు అందిస్తూ అనేసింది. "ప్రభూ, సెలవైతే ఆ లెక్క నేను పొద్దుగూకేలోగా తేలుస్తాను."

సోమయాజిగారు పకపకా నవ్వారు. "నీకు ఎక్కాలొచ్చునటే?"

"రావు స్వామీ. రానివాళ్ళే ఇంకో అరవై నలుగురు కావాలి."

రాజుగారికి సరదా పుట్టింది. పెద్ద వాకిట్లో ముగ్గుపిండితో మడికో గడి, పైన తూముకొకటి, చివర కాలువకొకటి గీశారు. వంటవాళ్ళూ, పల్లకీ బోయీలూ, గుర్రాలవాళ్ళూ మడి గడికొకరు చొప్పున నిలబడ్డారు. చేతిలో కర్ర, కర్రకో ఎర్రదారం.

"దారం ఉన్న ఎత్తే మీ మడిలో నీటి ఎత్తు" అంది నాగసాని. "ముందు ఎక్కడ కట్టుకున్నా సరే. డోలు మోగినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళ దారాలు చూసి, మీది వాటి నడిమెత్తుకి జరుపుకోండి. నీళ్ళు చేసేదీ అదేనని మా నాన్న అంటాడు."

"ఊహతో మొదలయ్యేది లెక్కటే!" అని గొణిగారు సోమయాజిగారు.

ఆయన్ని మహా మర్యాదగా తీసుకెళ్ళి తూము గడిలో నిలబెట్టి, దారం తూము ఎత్తుకి కట్టింది. చివరి కాలువ గడి రాజుగారికి. అక్కడ నీరెంతో ఆ ఎత్తుకి ఆయన దారమూ కట్టింది.

డోలు మోగింది. ఒకటే గోల. "ఒరేయ్, నీది దించు!" "నువ్వెక్కించు ముందు!"

సోమయాజిగారు మాత్రం నిటారుగా నిలబడ్డారు. వంటవాడి దారం చూసి తాను దిగాలా? ఈ లెక్క ఎలా తేలుతుందో చూద్దాం! రాజుగారిదీ అదే తీరు. బోయీని చూసి రాజు దారం జరుగుతుందా? నాగసాని ఇద్దర్నీ ఓరకంట చూసి, మళ్ళీ డోలు కొట్టమంది.

అరవయ్యో దెబ్బకి ఒక్క దారమూ కదల్లేదు. తూము నుంచి కాలువ దాకా ఎర్రదారాలన్నీ మెల్లగా జారుతున్న నీటిలా వాలి ఉన్నాయి. మల్లెతోట గడిలో కొలిచారు. నాలుగు వేళ్ళు! తోట మునగదు.

"ఇది నిజమని నమ్మేదెలా?" అన్నారు రాజుగారు.

"ఇంకోసారి కొట్టించండి ప్రభూ. తప్పుంటే ఎవరో ఒకరు కదలాలిగా."

కొట్టారు. ఎవరూ కదల్లేదు.

"ఆగండి!" సోమయాజిగారు ఎగిరి గంతేశారు. "లెక్క చెడింది! నేను మొదట్నుంచీ నా దారం వెంట్రుకవాసి జరపలేదు!"

నాగసాని చేతులు జోడించింది.

"అందుకేగా స్వామీ తమరిని అక్కడ నిలబెట్టింది! తూము ఎత్తు మారకూడదు. ఎవరేం చెప్పినా కదలనివారి కోసం కొలువంతా వెతికాను."

వాకిలంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్విన రాజుగారు తన కర్ర వైపు చూసుకుని టక్కున ఆగారు. "మరి నన్నెందుకు నిలబెట్టావే ఇక్కడ?"

డోలు కర్ర గాలిలోనే ఆగిపోయింది. పసుపు తిరిగిన నారు నాగసాని కళ్ళలో మెదిలింది.

"నారు ఎండిపోతున్నా నెల రోజులుగా తమ మాట కూడా కదల్లేదు కదా ప్రభూ!"

రాజుగారి చెయ్యి మీసం దాకా వెళ్ళి, అక్కడ ఏం చెయ్యాలో తోచక కిందికి దిగింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. మెడలో ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె చూపు ఎక్కడుందో గమనించి, నడుముకున్న తూము తాళంచెవి కూడా తీసి ఇచ్చారు.

నాగసాని పరుగో పరుగు. వాకిట్లో సోమయాజిగారు ఇంకా కర్ర పట్టుకుని తూములాగే నిలబడి ఉన్నారు.