పది లక్షల మల్లెమొగ్గలు

పగటిపూట కూడా పొగమంచు పూర్తిగా వీడని కుముదపురి అనే రాజ్యాన్ని మణిమంతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఒక సంఖ్య అంటే ప్రాణం: 1,42,857. దాన్ని బంగారు దారంతో జెండా మీద కుట్టించుకున్నాడు.

రెండుతో హెచ్చిస్తే 2,85,714. మూడుతో 4,28,571. ఆరు దాకా దేనితో హెచ్చించినా ఆ అంకెలే, నిద్రలో నడిచేవాళ్ళలా చోట్లు మార్చుకుని మళ్ళీ వచ్చి నిలబడేవి. "ఎవరేం చేసినా మేము మేమే," అంటూ రాజు మీసం దువ్వేవాడు.

ఏడుతో హెచ్చిస్తే మాత్రం అన్నీ తొమ్మిదులే. అది చూసిన రోజే రాజు ఏడో ఎక్కాన్ని నిషేధించాడు. దానితో చుట్టరికం ఉన్నవాళ్ళు ఎవరైనా పొలిమేర దాటాల్సిందే. ఆ భయానికి చిత్రకారులు ఇంద్రధనుస్సులో ఒక రంగు వెయ్యడం మానేశారు.

ఆస్థానంలో చిదంబరయ్య అనే విదూషకుడు ఉండేవాడు. తల్లిలేని కూతురు తరళను చంకనెత్తుకుని దూరదేశం నుంచి వచ్చినవాడు. పిల్ల తమ ఊరి చదువు మరిచిపోతుందేమోనని దిగులుపడి, తలుపులు వేసి ఎక్కాలన్నీ వల్లె వేయించేవాడు. ఒకనాడు తరళ వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఏడో ఎక్కం పాడేసింది. భటులు తెచ్చి సభలో నిలబెట్టారు.

"పిల్లను పొలిమేర దాటించండి," అన్నాడు రాజు.

చిదంబరయ్య వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. నేర్పింది తనే. అయినా ముఖాన నవ్వు పులుముకుని చేతులు జోడించాడు.

"చిత్తం ప్రభూ. ఏడో ఎక్కానికి చుట్టమైతే ఎంతటివాళ్ళయినా వెళ్ళాల్సిందే కదా?"

"మాకు ప్రాణసమానమైనా సరే."

"అయితే అమ్మాయిని పంపేముందు ఒక్క మనవి. నాకో కల వచ్చింది. వెన్నెల్లో పది లక్షల మల్లెమొగ్గలు. ఆరుగురు అన్నలూ ఒక చెల్లెలూ సమంగా పంచమని నా చుట్టూ చేరారు. పంచలేక మెలకువ వచ్చేసింది. అవధానిగారు పంచిపెడితే ఇవాళైనా నిద్రపోతాను."

ఆస్థాన గణకుడు నృసింహావధాని నవ్వాడు. "కలలో కూడా మీకు లెక్కలు రావన్నమాట."

ఇసుక పలక ముందుకు లాక్కుని వేలితో రాయసాగాడు. ఒకటి. నాలుగు. రెండు. సభలో ఎక్కడినుంచో మల్లెల వాసన తేలివచ్చినట్టనిపించింది. ఎనిమిది. అయిదు. వేలు నెమ్మదించింది. ఏడు రాసి ఆగిపోయింది.

రాజు పలక వంక చూశాడు. జెండా వంక చూశాడు.

"ఏడుగురు పంచుకుంటే పుట్టిన వాటా ప్రభూ," అన్నాడు చిదంబరయ్య మెల్లగా. "ఏడో ఎక్కానికి ఇంతకంటే దగ్గరి చుట్టం ఇంకెవరున్నారు? ముందు జెండాను పంపుదామా, అమ్మాయినా?"

"అవధానీ, మా ఎదుటే ఏడుతో భాగించావా?"

"కల ఆయనది ప్రభూ," అన్నాడు అవధాని, పలక మీద ఇసుక గబగబా చెరిపేస్తూ.

ఏడు వాటాలూ కలిపితే అన్నీ తొమ్మిదులేనని రాజుకు గుర్తొచ్చింది. "ఒక మొగ్గ మిగలాలే. అదెవరిది?" అన్నాడు.

"తమరు మన్నిస్తే, మా పిల్ల జడలోది."

మణిమంతుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నిషేధం ఎత్తేసి, మెడలోని ముత్యాలహారం తీసి చిదంబరయ్య మెడలో వేశాడు.

ఇంటికి నడుస్తూ తరళ అడిగింది. "అవధానిగారు లెక్క తప్పి ఉంటే ఏమయ్యేది నాన్నా?"

"ఆయన పండితుడమ్మా. తప్పరు."

"మరి నీ చెయ్యెందుకు ఇంకా తడిగా ఉంది?"

చిదంబరయ్య ఆ చేతిని పంచెకు తుడుచుకుని, మళ్ళీ ఆమె వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.